పాలమూరు, నల్లగొండ సీమల సాహిత్యం, సమాజం (1650–1800)

తుంగభద్ర కృష్ణలో కలిసే చోటు నుంచి, మూసీ కృష్ణలో కలిసే వాడపల్లి దాకా పరుచుకున్న మెట్టనేలలు పాత పాలమూరు, నల్లగొండ జిల్లాలు. రాళ్లగుట్టలు, చెరువులు, జొన్న, సజ్జ చేలు. ఈ నేల మీద 17వ శతాబ్దం నడుమ నుంచి 18వ శతాబ్దం చివరి దాకా పుట్టిన తెలుగు సాహిత్యం, దాన్ని పోషించిన సమాజం ఈ వ్యాసానికి విషయం. ఇంగ్లండులో ఇంచుమించు ఈ నూటయాభై ఏళ్లకే ‘రెస్టొరేషన్, పద్దెనిమిదో శతాబ్దం’ అని పేరు. మన విశ్వవిద్యాలయాల్లో ఇంగ్లీషు ఎం.ఏ. చదివే పిల్లలకు ఆ కాలం కవులు, నాటకకర్తలు, పత్రికలు కంఠోపాఠం. అవే ఏళ్లలో తమ ఊరికి పది కోసుల దూరాన ఎవరు ఏం రాశారో చెప్పే పాఠం మాత్రం అరుదు. అందుకే ఇక్కడ రెండు కాలాలనూ అక్కడక్కడ పక్కపక్కన పెట్టి చూపడం జరిగింది.

1656లో కాకునూరి అప్పకవి తన లక్షణగ్రంథం అప్పకవీయానికి పూనుకున్నాడు. నాలుగేళ్లకు, 1660లో, ప్రవాసం నుంచి తిరిగొచ్చిన రెండో చార్లెస్ లండన్‌లో సింహాసనం ఎక్కాడు. 1642 నుంచి మూతబడిన నాటకశాలలు తెరుచుకున్నాయి. 1687లో ఔరంగజేబు సేనలు గోలకొండను పట్టుకున్నాయి. అదే ఏడు న్యూటన్ ప్రిన్సిపియా అచ్చయింది. ఇంగ్లండులో రాజు తిరిగొచ్చాక కవులకు కొత్త కొలువులు దొరికాయి. గోలకొండలో రాజ్యమే పోయింది. అక్కడి సుల్తాను అబుల్ హసన్ తానీషా దౌలతాబాదు కోటలో బందీ అయ్యాడు, హైదరాబాదు మొగలు సుబేదార్ల చేతికి వెళ్లింది. 1724లో మొదటి నిజాం అసఫ్‌జా వచ్చి నిలదొక్కుకునే దాకా ఊళ్లకు స్థిమితం లేదు. ఈ సీమల సాహిత్యాన్ని చదివేటప్పుడు మనసులో ఉంచుకోవలసిన మొదటి సంగతి ఇదే: రాజధాని కూలిపోయింది, ఆ బరువును చిన్న చిన్న సంస్థానాలు మోశాయి.

సంస్థానాలు

హైదరాబాదు రాజ్యంలోని సంస్థానాల్లో గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత, గోపాలపేట పాలమూరు సీమలోవే. జటప్రోలు ఏలికలు తర్వాత కొల్లాపురానికి, అమరచింత ఏలికలు ఆత్మకూరుకు మారారు. పైవాడికి ఏటా పేష్కష్ (కప్పం) కట్టాలి, అడిగినప్పుడు సైన్యం పంపాలి. ఆ మేరకు సరిపెడితే తమ గడ్డ మీద న్యాయం, పన్ను, గుడి, పండితుడు అన్నీ తమ చేతిలోవే. గోలకొండ పోయి మొగలులు వచ్చినా, మొగలులు పోయి నిజాములు వచ్చినా ఈ ఏర్పాటు పెద్దగా చెదరలేదు. పైన పాలకులు మారుతుంటే కింద ఒక కుటుంబం తరతరాలుగా అదే కోటలో కూర్చోవడం వల్ల కవికి ఒక భరోసా దొరికింది. తండ్రికి అందిన వార్షికం కొడుక్కీ అందుతుందన్న నమ్మకం అది.

గద్వాల నదిగడ్డ మీద, కృష్ణా తుంగభద్రల నడుమ ఉంది. పూడూరు నుంచి వచ్చిన ముష్టిపల్లి వంశీయుడు పెద సోమభూపాలుడు 18వ శతాబ్దపు తొలి ఏళ్లలో ఇక్కడ కోట కట్టించాడు. జనం ఆయన్ని నల సోమనాద్రి అంటారు. కర్నూలు నవాబుతో ఆయన చేసిన యుద్ధాల కథలు ఆ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. కోట లోపలి చెన్నకేశవస్వామి గుడే ఆ సంస్థానానికి నడిబొడ్డు. కార్తీక, మాఘ మాసాల్లో గద్వాలలో పండిత సభలు జరిగేవి. వేదం, తర్కం, వ్యాకరణం, సాహిత్యం వేటికవే పరీక్షలు, వేటికవే సంభావనలు. ‘విద్వద్గద్వాల’ అన్న పేరు అలా వచ్చిందే. ఈ ఆనవాయితీ ఎంత గట్టిదంటే, తర్వాతి కాలంలో అవధానాలు చేస్తూ దేశం తిరిగిన తిరుపతి వేంకట కవులు కూడా గద్వాల, ఆత్మకూరు, వనపర్తి గడపలు తొక్కారు. వనపర్తి ఏలికల్లో బహిరీ గోపాలరావుకు అష్టభాషా కోవిదుడని ఖ్యాతి. ఏలిక తానే విద్వాంసుడైతే కవి పని ఒక పక్క సులువు, ఒక పక్క కష్టం, ఎందుకంటే సభలో తప్పు దొర్లితే పట్టుకునేవాడు సింహాసనం మీదే ఉన్నాడు.

సాహిత్యానికి సంబంధించినంతవరకు ఈ అన్నింటిలో జటప్రోలుదే పెద్ద పీట. 17వ శతాబ్దంలో అక్కడి ఏలికలు సురభి వారి కొలువులో ఉన్న ఎలకూచి బాలసరస్వతి మహామహోపాధ్యాయుడు. భర్తృహరి సుభాషితాలను తెనిగించి మల్లభూపాలీయం అన్న పేరుతో సురభి మల్లభూపాలుడికి అంకితమిచ్చాడు. అంతకంటె సాహసం రాఘవ యాదవ పాండవీయం. పింగళి సూరన రెండు కథలను ఒకే కావ్యంలో నడిపితే, ఈయన రామాయణ, భాగవత, భారత కథలను మూడింటినీ అవే పద్యాల్లో నడిపాడు.

ఇదెలా సాధ్యమంటే ఒక్క మాట తీసుకుని చూడవచ్చు. ‘హరి’ అంటే విష్ణువు, కోతి, గుర్రం, సింహం. ఒకే పద్యంలో ‘హరి’ అన్న మాట పడితే రామకథ చదివేవాడికి కిష్కింధ కోతిమూకలు కనిపిస్తాయి, యాదవ కథ చదివేవాడికి కృష్ణుడే ఎదురొస్తాడు, పాండవ కథ చదివేవాడికి రథానికి కట్టిన గుర్రాల సకిలింపు వినిపిస్తుంది. అర్థం చాలకపోతే పదాన్ని వేరే చోట విరవడం మరో దారి. కావ్యం పొడుగునా ప్రతి పద్యానికీ ఇలా మూడు దారులు వేస్తూ పోవాలి. దీన్ని మాటల గారడీ అని తోసిపుచ్చిన విమర్శకులున్నారు. కవిత్వంలో రసం ఆరిపోయిన కాలానికి ఇది గుర్తు అన్నారు. ఆ తీర్పు సగమే నిజమనిపిస్తుంది. సభలో పదిమంది పండితులు కూర్చుని ఒక్కొక్క అర్థం విప్పుకుంటూ పోయే వేడుక కోసం కట్టిన కావ్యం ఇది. దాన్ని ఒంటరిగా, మౌనంగా, అచ్చుపుస్తకంలో చదివి పెదవి విరవడం న్యాయం కాదు. ఇంచుమించు అదే కాలంలో లండన్ కవులు డ్రైడెన్, ఆ వెనక పోప్ చమత్కారాన్నే కవితాగుణాల్లో మేటిగా ఎంచారు. వారినీ తర్వాతి తరం ‘బుద్ధి కవిత్వం’ అని చిన్నచూపు చూసింది.

ఏలికలు తామే కలం పట్టిన సందర్భం సురభి మాధవరాయలు. చంద్రికా పరిణయం ఆయనదే. వసుచరిత్ర బాటలో నడిచిన ఈ ప్రబంధం శ్లేషల దట్టపు అడవి, వ్యాఖ్యానం చేతపట్టుకోకుండా అందులోకి దిగడం కష్టం.

భాషకు కట్టుబాటు

బాలసరస్వతి చేసిన మరో పని తెలుగు వ్యాకరణ చరిత్రనే మలుపు తిప్పింది. నన్నయ రాశాడని చెప్పే ఆంధ్రశబ్దచింతామణికి ఆయన బాలసరస్వతీయం అన్న టీక రాశాడు. ఆ సూత్రాలు లోకానికి తెలిసింది ఆయన వల్లనే. వాటిని పట్టుకుని, పద్యాల్లో విస్తరించి అప్పకవి తన గ్రంథం కట్టాడు. ఎనిమిది ఆశ్వాసాలు తలపెట్టినా మనకు దక్కింది ఐదు. అప్పకవి చెప్పిన కథ వినదగ్గది. నన్నయ వ్యాకరణాన్ని కక్షతో భీమకవి గోదావరిలో కలిపాడట. రాజరాజు కొడుకు సారంగధరుడు దాన్ని అప్పటికే కంఠస్థం చేసి, సిద్ధుడై, శతాబ్దాల తర్వాత మతంగ పర్వతం దగ్గర బాలసరస్వతికి అప్పజెప్పాడట. ఇది చరిత్రగా నిలవదు. ఆ సూత్రాలు నన్నయవేనా అన్న వాదం పండితుల్లో నేటికీ తెగలేదు. అయినా, భాషకు మొదటి గురువు చేతి రాతే కావాలన్న ఆరాటం ఆ కథలో కనిపిస్తుంది.

కాకునూరు షాద్‌నగర్ వైపు ఊరు. ఇంటిపేరును బట్టి పాలమూరు సాహిత్య చరిత్రకారులు అప్పకవిని తమవాడిగానే లెక్కిస్తారు. ఆ తర్వాత రెండు శతాబ్దాల పాటు పద్యం రాయబోయే ప్రతి కుర్రవాడికీ యతి, ప్రాస, సంధి విషయంలో ఆయన మాటే శాసనం. ఇంగ్లండులో జొనాథన్ స్విఫ్ట్ 1712లో తమ భాషను స్థిరపరచడానికి ఒక సంస్థ కావాలని ప్రతిపాదించాడు, అది సాగలేదు. 1755లో సామ్యూల్ జాన్సన్ నిఘంటువు వచ్చాకే ఆ కొరత కొంత తీరింది. తెలుగులో ఆ పనికి సభా, సంస్థా ఏదీ అక్కరలేకపోయింది, ఒక మనిషి, గంటం, తాటాకుల కట్ట సరిపోయాయి.

నల్లగొండ దారి

నల్లగొండ సీమలో పరిస్థితి వేరు. రాచకొండ, దేవరకొండ వెలమ రాజుల వైభవం 15వ శతాబ్దంతోనే ముగిసింది. ఈ కాలంలో అక్కడ పాలమూరుతో పోల్చదగ్గ పెద్ద సంస్థానాలు లేవు. ఊళ్లు దివానీ కిందనో, జాగీర్ల కిందనో ఉన్నాయి. కాబట్టి సాహిత్యం కోటల్లో గాక ఇనాం భూముల మీద బతికిన వైష్ణవ కుటుంబాల్లో నిలిచింది. వారిలో ముఖ్యులు మరింగంటి వారు. 16వ శతాబ్దంలో ఇబ్రహీం కుతుబ్‌షా కాలానికి చెందిన మరింగంటి సింగరాచార్యులు ఆ వంశానికి బాట వేశాడు. ఆయన దశరథరాజనందన చరిత్ర నిరోష్ఠ్య కావ్యం. పెదవులు కలిస్తే పలికే ప, ఫ, బ, భ, మ లాంటి అక్షరాలేవీ అందులో రాకూడదు. రాముడి కథ రాస్తూ ‘మ’ వాడకూడదంటే రాముడి పేరే పలకకూడదు! అందుకే కావ్యం పేరులో కూడా ఆయన దశరథరాజ నందనుడయ్యాడు. పైకి చదివి చూడండి, పెదవి పెదవిని తాకదు.

ఈ విద్య ఆ ఇంట తరాల పాటు ఆరలేదు. 18వ శతాబ్దంలో ఆసూరి మరింగంటి వేంకట నరసింహాచార్యులు తాలాంకనందినీ పరిణయం రాశాడు. తాలాంకుడంటే తాటిచెట్టు గుర్తుగా గల జెండా ఉన్నవాడు, బలరాముడు. ఆయన కూతురి పెళ్లి, అంటే తెలుగువాళ్లందరికీ తెలిసిన శశిరేఖ పెళ్లి కథ ఇది. మొగలు సుబేదార్ల రాకపోకలు, దోపిళ్లు, కరువుల మధ్య ఒక పల్లెటూరి ఆచార్యుడు చెరువు కింద నాలుగు మళ్ల ఇనాం పంటతో ఇలాంటి ప్రబంధం పూర్తి చేశాడంటే, ఆ నాలుగు మళ్ల విలువ సాహిత్య చరిత్రలో రాయవలసిందే. ఈ మెట్టసీమలో చెరువు నిండితేనే ఆచార్యుడి గాదె నిండేది.

పాడిన చరిత్ర

కావ్యాల్లో చోటు దొరకని మనుషులు ఈ సీమలో పాటలోకి ఎక్కారు. వారిలో అగ్రగణ్యుడు సర్వాయి పాపన్న. గౌడ కులస్థుడు. ఓరుగల్లు సీమలోని షాపూరు గుట్ట మీద కోట కట్టుకున్నాడు. తన మీదికి వచ్చిన కొలనుపాక ఫౌజుదారును దెబ్బతీశాడు. 1708లో ఓరుగల్లును కొల్లగొట్టాడు, తర్వాత నల్లగొండ సీమలోని భువనగిరి మీద పడ్డాడు. 1710లో మొగలు సేనలు పట్టుకుని చంపాయి. తలను ఢిల్లీకి పంపారు, మొండేన్ని హైదరాబాదు కోట వాకిట వేలాడదీశారు.

ఇదంతా మనకు రెండు దారుల్లో అందింది. ఒకటి ఖాఫీఖాన్ ఫారసీ చరిత్ర. అందులో పాపడు నీచ కులపు దొంగ, అతని చావు న్యాయం. రెండోది తెలుగు పాట. దాన్ని జె.ఎ. బాయిల్ సేకరించి 1874లో ఇండియన్ ఆంటిక్వెరీలో వేశాడు. పాటలో పాపన్న కులవృత్తి చేసుకొమ్మన్న తల్లితో వాదిస్తాడు. కోటలు కొట్టాలన్న కోరిక ముందు కల్లుకుండ అతనికి ఆనలేదు. రెండు కథనాలూ ఒకే మనిషి గురించే. ఫారసీ చరిత్ర లేకపోతే పాపన్న తేదీలు మనకు తెలిసేవి కావు, పాట లేకపోతే జనం అతన్ని ఎందుకు తలచుకుంటున్నారో తెలిసేది కాదు. చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్ దక్కను సామాజిక చరిత్ర మీద రాసిన పుస్తకంలో ఒక అధ్యాయం మొత్తం పాపన్నకే ఇచ్చింది ఇందుకే. ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వం ఆగస్టు 18న ఆయన జయంతి జరుపుతోంది.

అదే కాలంలో లండన్‌లోనూ ఇలాంటిదే జరిగింది. 1724లో ఉరి తీసిన జాక్ షెపర్డ్ అనే దొంగ కథను వీధుల్లో అచ్చుకాగితాల మీద అమ్మారు. 1728లో జాన్ గే రాసిన ‘బెగ్గర్స్ ఒపేరా’ దొంగలను కథానాయకులను చేసి, వారి మాటున మంత్రులను ఎండగట్టింది. తేడా ఏమిటంటే అక్కడ పాట కాగితమెక్కి అంగట్లో అమ్ముడుపోయింది. ఇక్కడ పాట గాయకుడి గొంతులోనే ఉండి, తండ్రి నుంచి కొడుక్కి వచ్చింది. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న, మియాసాబ్ కథలు పాడి 2022లో పద్మశ్రీ అందుకున్నాడు. సాయన్న తర్వాతి శతాబ్దపు మనిషే అయినా, ఆ కథ నిలిచిన తీరు మాత్రం పాపన్న కథ నిలిచిన తీరే.

తాటాకు, అచ్చు, బాట

లేత తాటాకులను ఉడికించి, ఆరబెట్టి, సమంగా కోసి, బెజ్జం వేసి తాడు దూర్చాలి. గంటంతో గీసిన అక్షరం మొదట కంటికి ఆనదు. ఆకు పసరు కలిపిన మసి రాసి తుడిస్తే గీతల్లోకి నలుపు దిగి అక్షరం తేలుతుంది. ఒత్తి గీస్తే ఆకు చీలుతుంది, తేలిగ్గా గీస్తే మసి పట్టదు. ఒక ప్రబంధానికి ఇంకో ప్రతి కావాలంటే ఎవరో ఒకరు నెలల తరబడి ఈ పని చేయాలి. ఆ ప్రతిని పురుగు, తేమ, నిప్పు నుంచి కాపాడుకోవాలి. ఈ సీమల కావ్యాలు కొన్నే మనకు దక్కడానికి కారణం ఇక్కడే ఉంది.

ఇంగ్లండులో 1695లో అచ్చు మీద ముందస్తు అనుమతి చట్టం వీగిపోయింది. 1711లో ‘స్పెక్టేటర్’ రోజువారీగా కాఫీ హోటళ్లలో చేతులు మారింది. మిల్టన్ పారడైజ్ లాస్ట్ (1667) ప్రతిని ముందుగా ఐదు పౌన్లకు అమ్ముకున్నాడు. యాభై ఏళ్లు గడిచేసరికి పోప్ ఇలియడ్ అనువాదానికి ముందే చందాలు పోగుచేసి వేల పౌన్లు గడించాడు. జాన్సన్ 1755లో చెస్టర్‌ఫీల్డ్ ప్రభువుకు ఉత్తరం రాసి, కష్టకాలంలో అక్కరకు రాని పోషణ ఇప్పుడెందుకన్నాడు. పాఠకుడు డబ్బిచ్చి కొనే రోజులు వచ్చాయి కాబట్టే ఆయన అలా అనగలిగాడు. పాలమూరు కవికి ఆ వీలు లేదు. తెలుగులో తొలి అచ్చుపుస్తకాలు బెంజమిన్ షుల్జ్ చేతుల మీదుగా 1746లో జర్మనీలోని హాలే నగరంలో వచ్చాయి. నల్లగొండ నుంచి తెలుగు పత్రిక, షబ్నవీసు వెంకట రామనరసింహారావు నడిపిన నీలగిరి, 1922లో గానీ రాలేదు. ప్రభువు తప్ప వేరే పాఠకుడు లేని చోట కవి ప్రభువునే కొనియాడాడని తప్పుపట్టడం సులువు. ఆ ప్రభువు లేకపోతే తాటాకు కట్ట కూడా ఉండేది కాదు.

అయినా ఈ రెండు లోకాలూ ఒకదానికొకటి పూర్తిగా కొత్తవేమీ కావు. ఇంగ్లీషు కంపెనీ 1611లోనే బందరులో కొఠీ పెట్టింది. హైదరాబాదు నుంచి బందరు పోయే బాట నల్లగొండ సీమ మీదుగానే. కోరమాండల్ తీరపు రంగు అద్దకం బట్టల మోజు లండన్‌లో ఎంత ముదిరిందంటే, అక్కడి నేతగాళ్లు గగ్గోలు పెట్టి 1700లోనూ 1721లోనూ పార్లమెంటు చేత నిషేధ చట్టాలు చేయించారు. కృష్ణాతీరపు గనుల వజ్రం ఒకటి చెన్నపట్నం గవర్నరు థామస్ పిట్ చేతికి వెళ్లి, 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధికి అమ్ముడుపోయి, ఆ కుటుంబాన్ని ఇంగ్లండులో పెద్దింటిని చేసింది. ఇక సాహిత్యం తిరుగుదారి పట్టింది 19వ శతాబ్దంలో. గోల్డ్‌స్మిత్ 1766 నాటి నవల కందుకూరి వీరేశలింగం రాజశేఖర చరిత్రకు ప్రేరణ అయింది. షెరిడన్ నాటకాలు, స్విఫ్ట్ గలివర్ కూడా ఆయన చేతుల్లో తెలుగు వేషం కట్టాయి.

రైతు మాట

ప్రబంధాల్లో రైతు ఉండడు. ఉద్యానవనాలు, చంద్రోపాలంభనలు ఉంటాయి. ఆ కాలపు ఊరు ఎలా ఉండేదో తెలియాలంటే వేరే ఆధారాలు వెతకాలి. 1830 మేలో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామి పాలమూరు మీదుగా హైదరాబాదు చేరాడు. కొల్లాపురం, వనపర్తి ఏలికలు ఒకరి ఊళ్ల మీద ఒకరు పడి దోచుకోవడం, నడుమ రైతులు నలగడం తన కాశీయాత్ర చరిత్రలో రాశాడు. సభలో శాలువా కప్పిన చేయే పొరుగు ఊరి గాదెలు ఖాళీ చేయించింది. సంస్థానాల సాహిత్య పోషణను ఎంత మెచ్చుకున్నా ఈ పేజీని చింపేయకూడదు. వీరాస్వామిది మన కాలవ్యవధికి ముప్పై ఏళ్ల తర్వాతి మాటే. కానీ ఆ కలహాలు ఆయన కళ్ల ముందు మొదలైనవి కావు.

ఈ రెండు పార్శ్వాలనూ కలిపి చదవడం నేర్పినవాడు సురవరం ప్రతాపరెడ్డి. 1896లో పుట్టిన ఆయనది గద్వాల సీమలోని ఇటికాలపాడు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో గోలకొండ కవుల సంచిక వేసి 354 మంది కవులను చూపించాడు. ఆంధ్రుల సాంఘిక చరిత్రలో రాజుల యుద్ధాలు పక్కన పెట్టి, 18వ శతాబ్దపు హంసవింశతి లాంటి కావ్యాల నుంచి తిండి, ఆటలు, వృత్తులు, నమ్మకాలు ఏరి కూర్చాడు. ఆ పుస్తకానికి 1955లో తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. సాహిత్యాన్ని సమాజ చరిత్రకు ఆకరంగా వాడడం ఇవాళ విశ్వవిద్యాలయాల్లో మామూలే. కావ్యమంటే రసం, అలంకారం మాత్రమే అనుకునే రోజుల్లో ఆయన ఆ పని చేశాడు. తర్వాత తూమాటి దొణప్ప ఆంధ్ర సంస్థానముల సాహిత్య పోషణ మీద చేసిన పరిశోధన పాలమూరు సంస్థానాల వివరాలను ఒక్క చోటికి తెచ్చింది.

చంద్రికా పరిణయానికి వెల్లాల సదాశివశాస్త్రి, అవధానం శేషశాస్త్రి శరదాగమమనే వ్యాఖ్య రాశారు. తాటాకు మీద పుట్టిన కావ్యం ఆ వ్యాఖ్యతో సహా అచ్చులోకి వచ్చింది. జటప్రోలు పాత ఊరు మాత్రం శ్రీశైలం జలాశయం నీళ్ల కిందికి వెళ్లింది. సురభి వారు కొలిచిన మదనగోపాలస్వామి గుడిని రాయి రాయిగా విప్పి, మెరక మీద మళ్లీ నిలబెట్టారు.